పాట రాసేవాళ్ళు మానేయొద్దు
(తెలుగు క్రైస్తవ యువజనుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

కోలారు నుంచి, బళ్ళారి నుంచి, హోసూరు నుంచి, బరంపురం నుంచి, షోలాపూరు నుంచి, యానాం నుంచి వచ్చారు మీరంతా. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్ళకి పొడుగు ప్రసంగం వినిపించడం న్యాయం కాదు. ఎవరికైనా నిద్ర వస్తే పడుకోండి, నేనేమీ అనుకోను.

నాకిచ్చిన అంశం ‘సంగీత పరిచర్యలో యువత’. ఈ పేరుతో మీరు ఇప్పటికే చాలా ప్రసంగాలు విని ఉంటారు. దావీదుతో మొదలుపెట్టి క్వైర్ ప్రాక్టీసుకి టైముకి రావాలనే దగ్గర ముగిస్తారు. నేను అది చెప్పను. పాట రాసేవాళ్ళ గురించి మాట్లాడతాను. పగలు ఏదో ఉద్యోగం చేసుకుంటూనో, ఉద్యోగం వెతుక్కుంటూనో, రాత్రి ఫోన్లో నాలుగు లైన్లు టైపు చేసుకుని, దానికో వరస కట్టుకుని, ఇద్దరు స్నేహితులకి పాడి వినిపించి ఊరుకునేవాళ్ళ గురించి. ప్రతి సంఘంలోనూ అలాంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి మానేస్తారు. మానేశామని ప్రకటించరు. అలా ఆగిపోతారంతే.

‘నేనేం మ్యుజీషియన్ని కాదన్నా, ఊరికే రాస్తాను’ అంటారు వాళ్ళు. ఈ ‘ఊరికే’ అనే మాట దగ్గరే నాకు పేచీ. మనం ఆరాధనలో పట్టుకునే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరవండి. అందులో ఎక్కువగా కనబడే పేర్లలో ఒకటి పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు, 1890లో పోయారు. బరంపురం చుట్టుపక్కల సువార్త చెప్పుకుంటూ తిరిగిన మనిషి. సంగీతం ఆయన జీవనోపాధి కాదు. పొట్టకోసం కచేరీలు చేయలేదు. చెప్పదలుచుకున్న సంగతి జనానికి పట్టాలంటే వాళ్ళకి తెలిసిన రాగంలో, తాళంలో చెప్పాలని ఆయనకి తోచింది. ఇంగ్లీషు కీర్తనలకి తెలుగు మాటలు అతికించి పాడుతున్న కాలంలో ఆయన మన రాగాలు తీసుకొచ్చి పెట్టారు. ఆ పుస్తకంలో పాటల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి చూడండి. మనలో చాలామంది ఆ లైను చదవకుండానే పాటలోకి వెళ్ళిపోతాం.

ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకి ఒక మాట. తెలుగు క్రైస్తవ పాటకి పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడైన మనిషి మీ ప్రాంతం వాడు. హైదరాబాదు వాడో విజయవాడ వాడో కాదు. ‘మేం ఏదో మూల ఉన్నాం, మా తెలుగు అంత బాగుండదు’ అని మీరు అంటుంటే నాకు నవ్వొస్తుంది. తమిళనాడు పిల్లలకీ అదే చెప్తాను. త్యాగరాజు తెలుగు కీర్తనల్లో చాలావాటిని కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని కట్టారు. చుట్టూ తమిళం. శ్యామశాస్త్రి కూడా ఆ తంజావూరు మనిషే. తెలుగు పాట తెలుగు దేశం బయట పుట్టడం కొత్తేమీ కాదు. మన పాటకి పాత అలవాటే అది.

ఇక చదువు, ఉద్యోగం సంగతి. వంగపండు ప్రసాదరావు విశాఖపట్నం షిప్‌యార్డులో కార్మికుడు. గద్దర్ కొన్నేళ్ళు కెనరా బ్యాంకులో గుమాస్తా. గోరటి వెంకన్న ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే రాశారు, 2021కి సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. తెలంగాణ రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ బడికే వెళ్ళలేదు, గొర్రెలు కాశారు, తాపీ పని చేశారు. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు అణ్ణాభావు సాఠే పేరు వినే ఉంటారు. దళిత కుటుంబంలో 1920లో పుట్టిన మనిషి. బడి చదువు లేదనే చెప్పాలి, ముంబయి బట్టల మిల్లులో పనిచేశారు. 1944లో అమర్ షేఖ్, గవాణకర్‌లతో కలిసి ఒక కళాబృందం పెట్టి కార్మికవాడల్లో పాడారు. కర్ణాటకలో సిద్ధలింగయ్య ‘హొలెమాదిగర హాడు’ అచ్చువేసింది 1975లో. అప్పటికి ఆయన వయసు 21. ఈ హాల్లో సగం మంది అంతకన్నా పెద్దవాళ్ళే!

వీళ్ళంతా గొప్పవాళ్ళు, మనం వాళ్ళం కాము, నిజమే. కానీ మొదలుపెట్టిన రోజున వీళ్ళ దగ్గర ఉన్న సరంజామా మీ దగ్గర ఉన్నదానికన్నా తక్కువ. నేను చెప్పేది అంతవరకే.

మరి మన పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

మొదటిది ట్రాక్. ఇప్పుడు సంఘంలో పాట పాడమంటే ‘ట్రాక్ ఉందా’ అని అడుగుతున్నారు. ఫోనుకి వైరు తగిలించి, ఎవరో స్టూడియోలో వాయించిన సంగీతం మీద గొంతు పెట్టి పాడతారు. ట్రాక్ లేని పాటని పాటగా లెక్కపెట్టడం లేదు. కొత్తగా పాట రాసిన అబ్బాయి దానికి ట్రాక్ చేయించాలంటే స్టూడియోకి డబ్బులు కావాలి. నెలకి పదిహేను వేలు తెచ్చుకునే పిల్లవాడు ఆ ఖర్చు ఎక్కణ్ణుంచి పెడతాడు? అందుకని పాట ఫోన్లోనే ఉండిపోతుంది. ఇంకో సంగతి. ట్రాక్ మీద పాడేవాడు సభ కోసం ఆగలేడు. జనం పల్లవి అందుకున్నారు, ఇంకోసారి పాడదామనిపించింది, కుదరదు, ట్రాక్ చరణంలోకి వెళ్ళిపోయింది. మన పెద్దవాళ్ళు ఒక కంజీరతో, ఒక జత తాళాలతో గంటసేపు జనాన్ని పాడించేవారు. ముసలమ్మ ఎత్తుకున్న శ్రుతిలోకే అందరూ వచ్చేవారు.

రెండోది మైకు. మన కన్వెన్షన్‌లకి పెద్ద గాయకుణ్ణి పిలుస్తాం. ఆయనకి రానూపోనూ ఖర్చులు, బస, కానుక. మంచిదే, ఆయన బాగా పాడతాడు. ఆ మూడు రాత్రుల్లో మన ఊరి పిల్లలు ఏం చేస్తారు? కుర్చీలు వేస్తారు, వైర్లు లాగుతారు, మంచినీళ్ళు అందిస్తారు. వాళ్ళు రాసిన పాటకి ఒక్క పది నిమిషాలు ఇవ్వండని అడిగితే ‘ప్రోగ్రాం టైటుగా ఉంది’ అంటారు. ఇది వెనక కూర్చున్న పెద్దలకి చెప్తున్నాను, పిల్లలకి కాదు. ఆ పది నిమిషాలు మీ చేతుల్లో ఉన్నాయి.

మూడోది ఆడపిల్లల సంగతి. సండేస్కూల్లో పాడేది ఆడపిల్లలు, క్వైర్ నిలబెట్టేది ఆడపిల్లలు. పెళ్ళవగానే పాట బంద్. అత్తగారి సంఘంలో కొత్త కోడలు లేచి నేను రాసిన పాట అంటే బాగుండదట. రాసిన పుస్తకం పుట్టింట్లో అటక మీద ఉంటుంది. పెళ్ళి మాటలప్పుడు అబ్బాయి జీతం అడుగుతాం, అమ్మాయి వంట అడుగుతాం. పాట కొనసాగుతుందా అని కూడా ఆ రోజే అడగండి, తప్పేం లేదు.

నాలుగోది మన భాష. దీని దగ్గర కాస్త ఆగుతాను. మీలో చాలామందికి తెలుగు చదవడం రాదు. కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో చదువుకున్నారు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. రాసుకోండి! పాటకి లిపి రెండో సంగతి. చెవి మొదటి సంగతి. కానీ చాలామంది పాట రాసేటప్పుడు ఇంట్లో మాట్లాడే తెలుగుని పక్కనపెట్టి, యూట్యూబులో విన్న తెలుగుని తెచ్చుకుంటున్నారు. షోలాపూరులో మూడు నాలుగు తరాల నుంచి ఉంటున్న ఇంట్లో మాట్లాడే తెలుగులో మరాఠీ మాటలు ఉంటాయి. కోలారు తెలుగులో కన్నడం, తమిళం రెండూ ఉంటాయి. ఆ మాటల్తోనే మీ అమ్మ మిమ్మల్ని జోకొట్టింది. ఆ మాటల్తోనే మీ నాన్న వడ్డీ వ్యాపారితో గొడవపడ్డాడు. ఆ తెలుగులో పాట ఎందుకు రాయకూడదు? ‘అది తప్పు తెలుగు’ అని హైదరాబాదు నుంచి వచ్చిన అతిథి నవ్వితే నవ్వనివ్వండి. ఆయన మీ వీధిలో ఉండడు.

పాడిందే పాడడం కూడా దీన్నుంచే వస్తోంది. ‘ఆరాధ్యుడా, అత్యున్నతుడా’ అంటూ ఒక పది మాటలున్నాయి. వాటిని అటూ ఇటూ మార్చి ఏటా వందల పాటలు వస్తున్నాయి. నేను వాటిని తప్పుపట్టను. కానీ మీకు జరిగింది మీ పాటలో లేకపోతే, దాన్ని మీరే రాశారని గుర్తుపట్టడం ఎలా?

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. మదురైలో తమిళనాడు థియొలాజికల్ సెమినరీ ఉంది. అక్కడ థియోఫిలస్ అప్పావూ అనే ఆయన పాఠాలు చెప్పేవారు. పిల్లలు ‘పరట్టై’ అన్నయ్య అని పిలిచేవారు, అంటే చింపిరి జుట్టాయన అని. 1940లో పుట్టారు, 2005లో పోయారు. ఆయన కర్ణాటక సంగీతం, పాశ్చాత్య సంగీతం రెండూ తెలిసినవారు. అన్నీ తెలిసి, చివరికి పల్లె జనం పాటల వరసలే ఎంచుకున్నారు. చర్చి ఆరాధన క్రమం మొత్తాన్ని గ్రామీణ బాణీల్లో కట్టారు. దళిత పేటల్లో, పల్లెల్లో ఆ పాటలు పాకాయి.

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది ఇది. కాగితం మీద నొటేషన్ రాసి, అక్షరం మారకూడదని పాడించే పాట ఒకరకం. విన్నవాడు తన ఊరికి తీసుకెళ్ళి, ఒక మాట మార్చుకుని, తన కష్టాన్ని అందులో పెట్టుకుని పాడుకునే పాట ఇంకోరకం. ఆయన రెండో రకం కావాలన్నారు. జనం మార్చుకోలేని పాట జనం చేతికి వచ్చినట్టు కాదని ఆయన వాదన. ఒకే కుండలో వండుకుని అందరూ కలిసి తినడం గురించి ఆయన తరచూ చెప్పేవారు. పాటా అలాంటిదే. ఒకడు వడ్డిస్తుంటే మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునేది కాదు.

ఆయన పరై వాయిద్యాన్ని గౌరవంతో వాడారు. మన దగ్గర డప్పు. దాని సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఊళ్ళో చావుకి, జాతరకి మనవాళ్ళు కొట్టాలి, కొట్టినందుకే మనవాళ్ళని అంటరానివాళ్ళన్నారు. అందుకని క్రైస్తవులయ్యాక మన తాతలు దాన్ని వదిలేశారు. వాళ్ళు వదిలేయడం నాకు అర్థమవుతుంది. అది వాళ్ళకి అవమానపు గుర్తు, బలవంతపు చాకిరీ గుర్తు. కానీ మీకా బలవంతం లేదు. కీబోర్డులో మీట నొక్కితే వచ్చే డప్పు శబ్దం చర్చిలో ఒప్పు, మంట మీద కాచి తెచ్చిన అసలు డప్పు తప్పు అంటే, అందులో న్యాయం ఏముంది? ‘అది లోకసంబంధమైన వాయిద్యం’ అనేవాళ్ళకి 150వ కీర్తన చూపించండి. వాయిద్యాల జాబితా అక్కడుంది. ఆ జాబితాలో కీబోర్డు మాత్రం నాకు కనబడలేదు.

పాటల్లో ఏం పెట్టాలన్నదానికి వస్తాను. బెంగళూరులో రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మీలో కొందరి అమ్మలు, అత్తలు ఆ పనిలో ఉన్నారు. తెల్లవారుజామున లేచి వెళ్ళే ఆ అమ్మ మీద పాట ఎవరు రాస్తారు? మురుగు గుంటల్లోకి మనిషిని దించకూడదని 2013లో చట్టం వచ్చింది, అయినా దించుతున్నారు, చస్తున్నారు. ఆ పనిని మాన్పించడానికి జీవితమంతా తిరిగిన బెజవాడ విల్సన్ కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టినవాడే. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ గనుల్లోకి మన తాతలు మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగారు. 2001లో గనులు మూసేశారు. ఎన్ని టన్నుల బంగారం తీశారో కంపెనీ లెక్కల్లో ఉంది. లోపల దిగినవాళ్ళు పైకొచ్చాక ఏం పాడుకున్నారో ఏ లెక్కలోనూ ఉండదు. ఆ పాటలు గుర్తున్న ముసలివాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు. కేజీఎఫ్ పిల్లలు ఈ సెలవుల్లోనే వాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేయండి. వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి, వాళ్ళ వయసు అలాంటిది.

1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు, మనకి ఇవ్వలేదు. ఏటా ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని నిలబడతాం. ప్లకార్డులుంటాయి, వినతిపత్రం ఉంటుంది, నినాదాలుంటాయి. మన తెలుగులో మనం రాసుకున్న పాట చాలాచోట్ల ఉండదు. అదే అరువు పాటతో ఊరేగింపు నడుస్తుంది. గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరల మీద పాట రాసి జైలుకి వెళ్తే, రాజమండ్రిలో వైద్యం చేసుకునే దళితుడు కుసుమ ధర్మన్న అదే ధోరణిలో నల్లదొరల మీద రాశారు. ఊరంతా పాడుతున్న పాటకి అదే ధోరణిలో ఎదురు పాట! వంద సంవత్సరాల కిందటే మనవాళ్ళకి ఆ యుక్తి తెలుసు.

ఇక పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను.

పల్లవి చిన్నదిగా ఉంచండి. రెండోసారి వినేసరికి జనం అందుకోగలగాలి. సామాన్యుడి గొంతు ఒక స్థాయి దాటదు. మీ గొంతు ఎంత పైకి వెళ్తుందో చూపించడానికి పాట కట్టకండి, వంటగదిలో గిన్నెలు తోముకుంటూ పాడేవాళ్ళని మనసులో పెట్టుకుని కట్టండి. రాసిన లైనుని ముందు వరస లేకుండా మామూలుగా గట్టిగా పలకండి. చేత్తో తాళం వేయండి. తెలుగులో పొట్టి అక్షరం, పొడుగు అక్షరం అని ఉంది కదా, పొట్టి అక్షరాన్ని రాగం కోసం మూడు వీధుల దూరం సాగదీస్తే మాట చచ్చిపోతుంది. మన పల్లె పాటల్లో చాలావాటికి నడక మూడు మూడుగా ఉంటుంది. అది ఒంట్లో ఉన్న నడక, దంపుడు దగ్గర, నాట్లు వేసే దగ్గర వచ్చిన నడక. ఆ నడకలో కట్టి చూడండి.

పాట బాగుందో లేదో సండేస్కూలు పిల్లలు చెప్తారు. వాళ్ళకి ఒక ఆదివారం నేర్పండి. పై ఆదివారం మీరు ఎత్తకుండానే వాళ్ళు పాడుకుంటుంటే పాట నిలబడింది. లేకపోతే పక్కన పెట్టి ఇంకోటి రాయండి. పది రాస్తే ఒకటి నిలబడుతుందనుకోండి, అది మంచి పంటే. వ్యూస్ చూసుకుని కుంగిపోయేవాళ్ళున్నారు. నలభై మంది చూశారని ఒక తమ్ముడు పాట తీసేశాడు. నలభై మంది! మన చర్చిలో చాలా ఆదివారాలు అంతమంది ఉండరు.

సినిమా వరస మీద మాటలు మార్చి రాయకండి. అది ఒకరి సొత్తు, గొడవలొస్తాయి. పైగా మీరెంత బాగా రాసినా వినేవాడికి హీరోయినే గుర్తొస్తుంది. జానపద వరస అయితే మన తాతలది, నిస్సంకోచంగా వాడుకోండి. మీరు రాసిన పాట మీద హక్కు రాసిన క్షణంలోనే మీకు వస్తుంది, రిజిస్ట్రేషన్ ఉండాలన్న నియమం లేదు. మన చట్టంలో రాసినవాడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. అందుకని పాట కింద పేరు, తేదీ వేయండి. ఎవరైనా ఆల్బం చేస్తామని వచ్చి కాగితం మీద సంతకం పెట్టమంటే చదివి పెట్టండి. చదవడం రాకపోతే చదివించుకుని పెట్టండి. ఊళ్ళో జనం పాడుకోవడం వేరు, ఒక కంపెనీ మీ పేరు తీసేసి అమ్ముకోవడం వేరు. అప్పావూ గారు జనం మార్చుకోవాలన్నారు, వ్యాపారి మార్చుకోవాలనలేదు.

‘పాట కూడు పెడుతుందా’ అని ఇంట్లో అడుగుతారు. చాలామందికి పెట్టదు. దేశమంతా తెలిసిన పాట రాసిన గరిమెళ్ళే 1952లో మద్రాసులో పేదరికంలో పోయారు. అందుకే ఉద్యోగాలు మానమని నేను చెప్పడం లేదు. ఉద్యోగం చేసుకోండి, వారానికి ఒక సాయంత్రం పాటకి ఉంచుకోండి. ఒక్కరే ఉంటే మానేస్తారు, కాబట్టి ముగ్గురు కలవండి. ఒకరు మాట, ఒకరు వరస, ఒకరు వాయిద్యం. నెలకో ఇంట్లో, టీ ఖర్చు ఆ ఇంటివాళ్ళది. పిల్లలు పుట్టినవాళ్ళు పిల్లల్ని ఎత్తుకునే రండి. ఆ ముగ్గురిలో ఒకరైనా చెల్లెమ్మ ఉండాలి, ఆమె ఇంటికి దిగబెట్టే బాధ్యత మిగతా ఇద్దరిది.

నా సమయం అయిపోయింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. రాత్రి భోజనాలయ్యాక ఈ హాలు పది గంటల దాకా మనదే, వాచ్‌మన్‌తో మాట్లాడాను. సొంతంగా రాసిన పాటలు మాత్రమే. ట్రాక్ లేదు, మైకు లేదు, గుండ్రంగా నేలమీద కూర్చుందాం. హోసూరు వాళ్ళు రెండు డప్పులు తెచ్చారు, కాచడానికి మంట వంటశాల వెనక వేసుకోవచ్చని వంటవాళ్ళు చెప్పారు. మొదటి పాట బరంపురం చెల్లెమ్మది, ఆమె ఒప్పుకుంది. రెండో పాట ఎవరిదో ఇప్పుడే పేరివ్వండి.